కొన కుంగుతుంటే కేబుల్ ఎందుకు లాగలేదు: ఒక వంతెన నిర్మాణంలో లెవెళ్ల కేసు

నేపథ్యం

గంగా మైదానంలో ఒక పెద్ద నదిపై కట్టిన కేబుల్ స్టేడ్ (ఎత్తైన స్తంభాల నుంచి వాలుగా దిగే కేబుళ్లు రోడ్డును మోసే తరహా) హైవే వంతెన కేసు ఇది. ఏ నది, ఏ ఊరు, ఎవరి కాంట్రాక్టు అన్నది ఇక్కడ అనవసరం. గుర్తుపట్టే వీలు లేకుండా కొలతలను కొంత సర్ది, గుండ్రని అంకెలు వాడాను. నిర్మాణం సగం దాటాక లెవెళ్లు తప్పుతున్నాయని నన్ను పిలిచారు.

హైదరాబాద్‌లో 2020లో తెరిచిన దుర్గం చెరువు వంతెనను చూసినవారికి ఈ తరహా కట్టడం ఎలా ఉంటుందో తెలుసు. నదుల మీద మన దేశంలో ఇలాంటివి అంతకుముందే వచ్చాయి. కోల్‌కతాలో హుగ్లీపై 457 మీటర్ల ప్రధాన స్పాన్ (రెండు స్తంభాల మధ్య దూరం) ఉన్న విద్యాసాగర్ సేతు 1992లోనూ, ప్రయాగ్‌రాజ్ దగ్గర యమునపై 260 మీటర్ల స్పాన్ ఉన్న నైనీ వంతెన 2004లోనూ మొదలయ్యాయి. మన కేసులోని వంతెన నైనీ తరహాది: రెండు పైలాన్లు (కేబుళ్లను మోసే స్తంభాలు), కాంక్రీటు డెక్ (వాహనాలు నడిచే భాగం), ప్రధాన స్పాన్ పావు కిలోమీటరుకు కొంచెం ఎక్కువ.

డెక్‌ను పైలాన్ దగ్గర మొదలుపెట్టి, నదివైపు ఒక సెగ్మెంటు (డెక్ ముక్క), ఒడ్డువైపు ఒక సెగ్మెంటు చొప్పున సమానంగా పెంచుకుంటూ పోతారు. డెక్ కొనకు ట్రావెలర్ అనే ఇనుప చట్రం వేలాడుతుంది. దానిలో ఫారం (కాంక్రీటు పోసే అచ్చు) బిగించి, ఇనుము కట్టి, కాంక్రీటు పోస్తారు. అది గట్టిపడ్డాక ఆ సెగ్మెంటు కేబుళ్లను జాక్‌తో లాగి, ట్రావెలర్‌ను ముందుకు జరుపుతారు. ప్రతి దశకూ డిజైనర్ రెండు అంకెలు ఇస్తాడు: కొన ఏ లెవెల్లో ఉండాలి, కేబుల్లో ఎంత బలం ఉండాలి. ఈ రెండూ విడివిడిగా కనబడతాయి గానీ ఒకదాన్ని మారిస్తే రెండోది మారకుండా ఉండదు. లెవెల్ సరిగ్గా ఉండి కేబుల్ బలాలు తప్పుగా ఉన్న వంతెనను కట్టడం చాలా సులువు. పైకి అంతా బాగానే కనబడుతుంది, డెక్ మాత్రం తనకు లెక్కగట్టని బరువును లోలోపల మోస్తుంటుంది.

వచ్చిన సమస్య

మొదటి పైలాన్ మీద పని వర్షాలు వెనక్కి తగ్గిన వెంటనే మొదలై సాఫీగా సాగింది. రెండో పైలాన్ పని చలికాలంలోకి జరిగింది. అక్కడ నదివైపు చెయ్యి, అంటే పైలాన్ నుంచి పెరుగుతూ వచ్చిన డెక్ భాగం, 100 మీటర్లు దాటేసరికి కొన ఉండాల్సిన దానికంటే 85 మిల్లీమీటర్లు కిందికి ఉంది. అంతకంటే కలవరపెట్టింది దాని తీరు. తేడా ఒక్కసారిగా రాలేదు, సెగ్మెంటు సెగ్మెంటుకూ కొద్దికొద్దిగా పెరుగుతూ వచ్చింది. జాక్ రిజిస్టరు ప్రకారం మాత్రం ప్రతి కేబులూ చెప్పిన బలానికే లాగారు.

రెండు చేతులూ నది మధ్యలో కలవాలి. ఒకటి సరైన ఎత్తులో వస్తోంది, రెండోది దిగుతూ వస్తోంది. వేసవి ముగిసేలోగా కలపకపోతే వరదల కాలంలో రెండు చేతులూ గాలిలో వేలాడుతూ ఉండాల్సి వస్తుంది. కాబట్టి సైటులో అందరి నోటా ఒకటే మాట: చివరి రెండు మూడు కేబుళ్లను ఇంకాస్త లాగేస్తే సరిపోతుంది కదా!

ముందు చేసి చూసింది

నేను వెళ్లేసరికే ఆ ప్రయత్నం జరిగింది. చివరి సెగ్మెంటు కేబుళ్లలో బలాన్ని 5 శాతం పెంచారు. కొన లేచింది, అందరూ ఊపిరి పీల్చుకున్నారు. తర్వాతి సెగ్మెంటు పోశాక మళ్లీ దిగింది. పైగా దాని వెనక కేబుళ్లలో బలం పడిపోయింది. నులక మంచం బిగించిన వారికి ఇది వింత కాదు, ఒక తాడును గట్టిగా లాగితే పక్క తాడు వదులవుతుంది.

ఇంతటితో ఆపమని చెప్పడానికి నాకు మూడు కారణాలు కనిపించాయి. కొనలోని కేబుల్‌ను అదనంగా లాగితే డెక్ చివరి భాగం పైకి వంగుతుంది, దాంతో కింది అంచు సాగుతుంది. కాంక్రీటుకు నచ్చనిదే అది. రెండోది, దిగడానికి కారణం తాత్కాలికమైనదైతే, అంటే ఎండో, కొన మీద పెట్టిన సామానో అయితే, ఆ కారణం తొలగిన రోజున మన దిద్దుబాటే కొత్త తప్పవుతుంది. మూడోది సైట్లలో తరచుగా పట్టించుకోనిది: లాగడం తేలిక, వదలడం కష్టం. స్ట్రాండును (కేబుల్‌లోని ఒక్కో ఉక్కు తాడును) ఆంకరేజిలో (కేబుల్ చివర బిగించే చోట) వెడ్జ్ అనే చీల పళ్లతో కరిచి పట్టుకుంటుంది. ఇంకా లాగితే ఆ పంటి గాట్లు ఆంకరేజి వెలుపలికి, బలం లేని తోకలోకి వెళ్లిపోతాయి. వదిలితే మాత్రం గాట్లు కేబుల్ లోపలికి, రోజూ వాహనాల బరువుకు ఊగిసలాడే భాగంలోకి వెళతాయి. అలసటతో స్ట్రాండు తెగడం మొదలయ్యేది అలాంటి గాటు దగ్గరే. అందుకే పెంచిన బలాన్ని తగ్గించాల్సి వచ్చినప్పుడు ఒక్కో స్ట్రాండునూ విప్పనివ్వలేదు. రింగ్‌నట్ (ఆంకరేజి చుట్టూ తిరిగే పెద్ద నట్) ఉన్న వైపు ఆంకరేజిని మొత్తంగా పెద్ద జాక్‌తో పట్టి, నట్ తిప్పి తగ్గించాం. చిన్న జాక్‌తో గంటలో అయ్యే పనికి పెద్ద జాక్‌ను పైకెక్కించడం ఎందుకని గొణుగుడు వినిపించింది. వినిపించినా ఒప్పుకోలేదు.

పనిని పూర్తిగా ఆపలేదు. కారణం తెలిసేదాకా కొత్త సెగ్మెంటు పోయకుండా, ఇనుము కట్టడం వంటివి మాత్రం సాగనిచ్చాం.

మొదటి అనుమానం: ఎండ

లెవెల్ పుస్తకం తెరిచి నేను మొదట చూసింది లెవెళ్లను కాదు, వాటి పక్కన రాసిన సమయాన్ని. మొదటి పైలాన్ రీడింగులన్నీ తెల్లవారుజామున తీసినవి. రెండో పైలాన్ రీడింగులు పదకొండు, పదకొండున్నర. సర్వేయరును అడిగాను.

“పొద్దున్నే తీద్దామనే వస్తున్నాం సార్. పొగమంచులో ప్రిజం కాదు గదా, ఎదురుగా నిలబడ్డ మనిషే కనబడడు. మంచు విడిచాకే తీస్తున్నాం.”

అతను చెప్పింది నిజమే. డిసెంబరు, జనవరి నెలల్లో ఆ మైదానంలో పొగమంచు పది దాకా కదలదు. కానీ మంచు విడిచిన మరుక్షణం ఎండ నేరుగా కేబుళ్ల మీద పడుతుంది. పలుచని కేబుల్ త్వరగా వేడెక్కుతుంది. రాత్రంతా చలికి నానిన కాంక్రీటు డెక్, పైలాన్ ఇంకా చల్లగానే ఉంటాయి. అంటే రోజు మొత్తంలో కేబుల్‌కూ డెక్‌కూ మధ్య తేడా బాగా పెరిగే వేళను ఏరికోరి పట్టుకుని కొలుస్తున్నట్టు అయింది.

ఎంత తేడా వస్తుందో చేతి లెక్కతోనే తెలుస్తుంది. ఉక్కు ఒక డిగ్రీకి మీటరుకు 0.012 మిల్లీమీటర్లు సాగుతుంది. 120 మీటర్ల కేబుల్ డెక్ కంటే 10 డిగ్రీలు వేడిగా ఉంటే 14 మిల్లీమీటర్లకు పైగా సాగుతుంది. కేబుల్ డెక్‌తో 28 డిగ్రీల కోణంలో ఉంటే ఆ సాగుడు కొన దగ్గర నిలువుగా రెట్టింపు దాటి, దాదాపు 30 మిల్లీమీటర్ల దిగుడు అవుతుంది. డెక్ పైభాగం ఎండకు వేడెక్కి కిందిభాగం చల్లగా ఉంటే కొన ఇంకొంచెం కిందికే వంగుతుంది.

పొగమంచులో టోటల్ స్టేషన్ (దూరంలోని ప్రిజాన్ని గురిచూసి కొలిచే పరికరం) పనికిరాదు. కాబట్టి పాత పద్ధతికి వెళ్లాం: డెక్ మీదే నడుస్తూ, పైలాన్ దగ్గరి గుర్తు నుంచి కొన దాకా ఇరవై మీటర్ల చిన్న చిన్న దూరాల్లో స్టాఫ్ (కొలత గుర్తులున్న కర్ర) పెట్టి డిజిటల్ లెవెల్‌తో కొలుచుకుంటూ వెళ్లడం. అంత దగ్గరి చూపుకు, టార్చి వెలుగు తోడుంటే, పొగమంచు అడ్డు కాదు. కేబుల్ ఉష్ణోగ్రత కోసం నిజమైన కేబుల్‌ను తాకాల్సిన పని లేకుండా, మిగిలిపోయిన కేబుల్ తొడుగు గొట్టం ముక్కలో నాలుగు స్ట్రాండ్లు పెట్టి, లోపల థర్మామీటరు ఉంచి, డెక్ మీద కేబుల్ వాలులోనే కట్టాం.

తెల్లవారుజామున చూస్తే 85లో 30 పోయింది, 55 మిగిలింది. ఆ 30ని కూడా కేబుల్ లాగి దిద్ది ఉంటే ఏమయ్యేదో సైటు వాళ్లకు విడిగా చెప్పాల్సిన పని లేకపోయింది.

రెండో అనుమానం: కేబుళ్లలో నిజంగా ఎంత బలం ఉంది?

జాక్ గేజ్ చెప్పేది లాగిన క్షణంలోని సంగతి. ఆ తర్వాతి సంగతి కేబుల్‌నే అడగాలి. కేబుల్‌ను తాడుతో లాగి వదిలి, దానికి కట్టిన యాక్సిలరోమీటరు (ఊపును కొలిచే పరికరం)తో సెకనుకు ఎన్నిసార్లు ఊగుతోందో కొలిస్తే బలం తెలుస్తుంది. ఒక మీటరు కేబుల్ బరువును, పొడవు వర్గాన్ని, పౌనఃపున్యం (సెకనుకు ఊపుల సంఖ్య) వర్గాన్ని గుణించి, నాలుగు రెట్లు చేస్తే చాలు. మీటరుకు 55 కిలోలున్న 120 మీటర్ల కేబుల్ సెకనుకు 1.1 సార్లు ఊగితే 3,830 కిలోన్యూటన్లు, అంటే 390 టన్నులు.

మొదటి రోజు లెక్కలో ప్రతి కేబుల్లోనూ జాక్ చూపిన దానికంటే 3 శాతం ఎక్కువ వచ్చింది. జాక్ క్యాలిబ్రేషనే తప్పని అప్పటికప్పుడు ఒక లేఖ కూడా తయారైంది. పంపవద్దన్నాను. తప్పు అన్ని కేబుళ్లలోనూ ఒకే వైపు, దాదాపు ఒకే మోతాదులో ఉంటే అది కొలిచే పద్ధతిలో ఉండే అవకాశమే ఎక్కువ. చూస్తే పొడవును ఆంకరేజి నుంచి ఆంకరేజి దాకా తీసుకున్నారు. నిజానికి రెండు చివర్లా గైడ్ పైపులోని రబ్బరు కేబుల్‌ను పట్టి ఉంచుతుంది, ఊగే పొడవు 118 మీటర్లే. పొడవు వర్గంలో వస్తుంది కాబట్టి ఆ 2 మీటర్లు బలంలో 3 శాతానికి పైగా తేడా తెచ్చాయి. దాన్ని దిద్దితే కొత్తగా లాగిన కేబుళ్లలో జాక్, ఊపు రెండూ ఒకే మాట చెప్పాయి.

ఇక్కడితో వదిలేస్తే ‘కేబుళ్లు సరే’ అని రాసుకుని ముందుకు వెళ్లేవాళ్లం. కొత్త వాటితో పాటు పాత కేబుళ్లన్నిటినీ కొలవమన్నాను, ఎందుకంటే ఆధారం దొరికితే అక్కడే దొరకాలి. కొత్త కేబుల్‌ను ఫలానా బలం వచ్చేదాకా లాగుతాం కాబట్టి సెగ్మెంటు ఎంత బరువున్నా అందులో అనుకున్న అంకే కనబడుతుంది. బరువు ఎక్కువైతే, ఆ ఎక్కువ తర్వాతి సెగ్మెంటు పోసినప్పుడు వెనకున్న కేబుళ్ల మీద పడుతుంది. అనుకున్నట్టే పాత కేబుళ్లలో 3 నుంచి 5 శాతం దాకా ఎక్కువ బలం కనిపించింది. లెవెల్ తక్కువ, బలం ఎక్కువ. కేబుళ్లు వదులై కొన దిగి ఉంటే బలం తక్కువగా ఉండేది. ఇది బరువు చేసిన పని.

బరువు ఎక్కడిది?

బ్యాచింగ్ ప్లాంట్ (కాంక్రీటు కలిపే చోటు) రిజిస్టరులో ఒక్కో సెగ్మెంటుకు వెళ్లిన కాంక్రీటు డ్రాయింగు లెక్కకంటే 4 శాతం పైన ఉంది. వృథా అనుకుని ఎవరూ దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. వృథా పోయిన కాంక్రీటు నదిలో కనబడాలి, లేదా డెక్ మీద గుట్టగా కనబడాలి. కనబడలేదంటే డెక్‌లోనే ఉందన్నమాట.

స్లాబ్ మందాన్ని కొలవడానికి కోర్ (డెక్‌ను తొలిచి తీసే ముక్క) తీయాల్సిన పని కూడా లేదు. వాన నీరు పోవడానికి వదిలిన రంధ్రాలు సెగ్మెంటు పొడవునా వరుసగా ఉంటాయి. వాటిలోకి కొక్కెం వంచిన ఇనుప చువ్వను దింపి, కింది అంచుకు తగిలించి, పైన చాక్‌పీసుతో గీత గీసుకుని బయటికి తీసి టేపుతో చూశాం. డ్రాయింగులో 250 మిల్లీమీటర్లు. వెనక జాయింటు దగ్గర 255. ముందుకు వెళ్లేకొద్దీ 262, 270, 278. ముందు అంచు దగ్గర 285. తర్వాతి సెగ్మెంటులో మళ్లీ 255తో మొదలై మళ్లీ అదే వరుస. ఆ చువ్వ మీది గీతలు చూశాక ఇక కంప్యూటర్ తెరవకపోయినా కథ తెలిసిపోయింది.

ప్రతి సెగ్మెంటూ ముందుకు వెళ్లేకొద్దీ కింది వైపు లావెక్కుతోంది. పచ్చి కాంక్రీటు పడేకొద్దీ ట్రావెలర్ ముందు భాగం కుంగుతుంది, దానితో ఫారం కూడా. అది మామూలే. మొదటి పైలాన్ దగ్గర పైతలాన్ని సరిచేసే పట్టీలను ఫారం మీదే నిలబెట్టిన స్టూళ్లపై పెట్టారు. ఫారం కుంగితే పట్టీ కూడా కుంగుతుంది, మందం మారదు. రెండో పైలాన్‌కు వచ్చిన ముఠాకు అనుభవమంతా భవనాల స్లాబుల మీద. అక్కడ పైతలాన్ని పరికరంతో లెవెల్ చూసి తేల్చడమే మంచి పని. ఇక్కడా అదే శ్రద్ధతో, ఫారం కుంగినప్పుడల్లా ముందే పెట్టుకున్న గుర్తు దాకా కాంక్రీటు నింపుతూ పోయారు. కొత్తగా నింపిన కాంక్రీటు దాన్ని మళ్లీ కుంగదీస్తుంది, మళ్లీ నింపుతారు. సగటున 20 మిల్లీమీటర్లు పెరిగింది. 24 మీటర్ల వెడల్పు, 8 మీటర్ల పొడవు సెగ్మెంటుకు అది దాదాపు 10 టన్నులు.

ఇది ఒక భాగం. రెండో భాగం డెక్ మీదే ఉంది. ఒకటికి మూడు టన్నుల చొప్పున స్ట్రాండు చుట్టలు, జెనరేటరు, నీళ్ల ట్యాంకు, విప్పిన ఫారం పలకలు, కట్టలు కట్టిన ఇనుము, చివరికి కట్టెల పొయ్యితో ఒక టీ కొట్టు, అన్నీ నదివైపు కొనకు చేరువగానే. దూరం నడవనక్కర లేకుండా పెట్టుకున్నారు, అందులో తప్పు పట్టేదేమీ లేదు. కానీ కాంటిలీవర్ దశలో, అంటే కొనలు కలవక ముందు చేతులు గాలిలో నిలిచి ఉన్నప్పుడు, ఏ బరువు ఎక్కడుందన్నది డిజైనర్‌కు తెలిసి తీరాలి. కట్టడం పూర్తయిన వంతెన కంటే సగం కట్టిన వంతెన బలహీనమైనది. కోటా దగ్గర చంబల్ నదిపై నిర్మాణంలో ఉన్న కేబుల్ వంతెన 2009 డిసెంబరు 24న కూలి 48 మంది చనిపోయారు. ఆ దశలో పైలాన్‌కు రెండు వైపులా బరువును సమానంగా ఉంచడం గురించి ఎవరైనా చిరాకు పడితే నేను ఆ తేదీ గుర్తుచేస్తాను. అన్నిటినీ చాక్‌పీసుతో గుర్తు పెట్టి, తూచి, పైలాన్ దగ్గరికి చేర్పించాం. టీ కొట్టుతో సహా.

కాంక్రీటు స్థితిస్థాపక గుణకం (బరువు పడితే ఎంత వంగుతుందో తేల్చే అంకె) మీద కూడా అనుమానం ఉండేది. సిలిండర్లు పరీక్షిస్తే డిజైన్‌లో తీసుకున్న విలువకు కొద్దిగా తక్కువ వచ్చింది. దాని ప్రభావం కొన్ని మిల్లీమీటర్లే, లెక్కలో చేర్చి వదిలేశాం.

ఏం చేయాలన్న నిర్ణయం

డెక్ మీది సామాను జరిపాక కొన 15 మిల్లీమీటర్ల దాకా లేచింది. మిగిలిన 40 శాశ్వతమైన కాంక్రీటు బరువు వల్ల వచ్చింది. దీనికి మూడు ప్రతిపాదనలు వచ్చాయి.

రోడ్డు పైపొర మందం తగ్గించి బరువు సరిపెడదామన్నారు ఒకరు. లెక్కకు నప్పుతుంది, 20 మిల్లీమీటర్ల కాంక్రీటుకు బదులు అంతకంటే కాస్త ఎక్కువ తారు పొర తగ్గిస్తే సరి. నేను ఒప్పుకోలేదు. పైపొరను పదీ పదిహేనేళ్లకు ఎవరో మళ్లీ వేస్తారు. అప్పటి ఇంజినీరుకు ఈ సంగతి తెలియదు, మామూలు మందమే వేస్తాడు. ఇవాళ్టి తప్పుకు రేపటి బరువును తాకట్టు పెట్టినట్టవుతుంది.

ఏమీ చేయకుండా, మిగిలిన సెగ్మెంట్లను పైకి వాల్చి పోసి మధ్యలో కలిపేద్దామన్నది రెండోది. కలుస్తుంది, కానీ డెక్‌లో ఒక మడత మిగులుతుంది. 40 మిల్లీమీటర్ల లోతు వంద మీటర్ల పొడవులో పరుచుకుంటే వాహనం నడిపే వారికి తెలియదు. అదే రెండు సెగ్మెంట్ల మధ్య వస్తే అంచు గోడ గీతలో చూసే ప్రతి కంటికీ దొరుకుతుంది.

మేం తీసుకున్న దారి మూడోది. అదనపు బరువు ఇప్పుడు వంతెనలో శాశ్వత భాగం కాబట్టి దాన్ని మోయడానికి కేబుళ్లలో శాశ్వతంగా అదనపు బలం ఉండటం న్యాయమే. ముందు అడిగినప్పుడు కాదన్న లాగుడును ఇప్పుడు ఒప్పుకోవడానికి కారణం అదే, ఇప్పుడు ఎంత లాగాలో, ఎందుకు లాగాలో తెలుసు. నిజమైన మందాలు, బరువులు పెట్టి వంతెన కంప్యూటర్ నమూనాను మళ్లీ కట్టించి, వాహనాల భారంతో కలిపి చూశాం. స్టే కేబుల్‌కు వాడుకలో ఉన్న పరిమితి తెగే బలంలో 45 శాతం. 37 స్ట్రాండ్ల కేబుల్‌కు అది 4,640 కిలోన్యూటన్లు. అన్నీ లోపలే ఉన్నాయి, అయితే రెండు కేబుళ్లలో మిగిలిన ఖాళీ చాలా తక్కువ. వాటిని తాకకుండా పక్కవాటితో సరిపెట్టాం.

చివరి కేబుల్‌ను కాకుండా చెయ్యి మధ్య భాగంలోని కేబుళ్లను ఎంచుకున్నాం, నదివైపు, ఒడ్డువైపు జతగా, ఎగువ, దిగువ అంచులు ఒకేసారి. ఒక్కో విడతలో 1 శాతం దాటనివ్వలేదు. ప్రతి విడత తర్వాతా పక్క కేబుళ్లను ఊపి కొలిచి, నమూనా చెప్పిన దానితో పోల్చాకే తర్వాతి విడత. రాత్రిళ్లు మాత్రమే ఈ పని. మొత్తం 40నీ తిరిగి తేవాలని చూడలేదు, సగం దాకా తెచ్చి ఆపాం. మిగిలినదాన్ని ముందున్న సెగ్మెంట్ల లెవెళ్లలో కొద్దికొద్దిగా పరిచేశాం. చివరి 20 మిల్లీమీటర్ల కోసం కేబుళ్లలో ఉన్న కాస్త ఖాళీని ఖర్చు పెట్టడం నాకు ఇష్టం లేకపోయింది.

అసలైన మరమ్మతు మాత్రం స్టూళ్లే. పట్టీలు మళ్లీ ఫారం మీదికి వచ్చాయి, పోత సాగుతున్నప్పుడు లెవెల్ పరికరాన్ని డెక్ మీద ఉంచవద్దన్నాం. తర్వాతి సెగ్మెంట్లలో రంధ్రాల దగ్గర మందం 250, 255 మధ్యే వచ్చింది. దిగుడు పెరగడం అక్కడితో ఆగింది.

కలిపిన రోజు, ఆ తర్వాత

రెండు చేతులూ ఎదురెదురుగా వచ్చినప్పుడు తెల్లవారుజామున కొనల మధ్య తేడా 20 మిల్లీమీటర్ల లోపే ఉంది. ఎత్తుగా ఉన్న కొన మీద నీళ్ల ట్యాంకులతో కొంత అదనపు బరువు పెట్టి రెండింటినీ ఒక లెవెల్‌కు తెచ్చాం. ఉష్ణోగ్రత నిలకడగా ఉన్న రాత్రి వేళ ఇనుప దూలాలతో బంధించి, మధ్య సెగ్మెంటు పోశాం. ఆ సెగ్మెంటు బరువుకు సమానమైన నీటిని ముందే రెండు వైపులా ఉంచి, కాంక్రీటు పడుతున్న కొద్దీ వదిలించాం. అలా చేస్తే పచ్చి కాంక్రీటు కింద కొనలు కదలవు.

ఆ తర్వాత నా పని తీరులో కొన్ని మారాయి. కొత్త సైటుకు వెళితే లెవెల్ పుస్తకంలో సమయం, కేబుల్ ఉష్ణోగ్రత, డెక్ మీది సామాను చిట్టా లేని రీడింగును రీడింగుగా లెక్కించను. కొత్త కేబుల్‌తో పాటు కనీసం దాని వెనక మూడింటినీ ప్రతి దశలో కొలిపిస్తాను. బ్యాచింగ్ ప్లాంట్ రిజిస్టరును ప్రతి సెగ్మెంటు తర్వాత డిజైనర్‌కు పంపమంటాను, అది స్టోర్స్ వాళ్ల కాగితం కాదు. కాంక్రీటు ముఠా మారిన ప్రతిసారీ మొదటి పోతకు ముందు ఫోర్‌మన్‌తో కూర్చుని, ఇక్కడ మందం ముఖ్యం, లెవెల్ కాదు అని చెప్పడం కూడా నా పనిలో భాగమే. ఆ ముఠా మేస్త్రీ విన్నాక ఒక్కటే అడిగాడు: “మరి లెవెల్ తప్పితే మాట ఎవరు పడతారు సార్?” నేనే పడతానని సైటు పుస్తకంలో రాసి సంతకం పెట్టాను. తర్వాతి పోతకు పరికరం డెక్ మీద కనబడలేదు.

వంతెనను అప్పగించేటప్పుడు ప్రతి కేబుల్ చివరి బలం, ఊపు రేటు, ఊగే పొడవు, కొలిచిన రాత్రి ఉష్ణోగ్రతతో ఒక పట్టిక ఇచ్చాం. దానితో పాటు సెగ్మెంట్ల వారీగా నిజమైన స్లాబ్ మందాలు కూడా. డ్రాయింగులో 250 అనే ఉంటుంది. ఏనాడైనా ఒక కేబుల్‌ను మార్చాల్సి వస్తే ఆ ఇంజినీరుకు కావలసింది 270.